నూనె మిల్లు కాడ ఒక్క పిలుపు

నేను ఇంతవరకూ ఏమీ రాసినదాన్ని కాదు. నాలుగో తరగతితో నా చదువు అయిపోయింది. నలుగురిలో నోరు తెరిచేదానికే నాకు భయం, ఇంక రాసేదెక్కడ. కానీ ఇది నోటితో చెప్పబోతే నడమనే ఆపేస్తాండా. అందుకని రాస్తాండా. నేను చూసింది కొంచెమే. తక్కిందంతా మా ఆయన చెప్పగా విన్నది. ఆయన అనంతపురంలో టౌన్ బస్సు డ్రైవరు.

రాప్తాడు పక్కకు పోయే రోడ్డులో, ఊరు అయిపోయే చోట, చెనిక్కాయల నూనె మిల్లు ఒకటి ఉంది. మూతబడి చానా ఏండ్లయింది. పైన రేకులు సగం లేచిపోయినాయి. గాలి వీస్తే లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు దడదడమంటాయి. మారెక్క అనే కూలామె ఆ మిల్లులోనే పడి చచ్చిపోయిందని, దీపాలు పెట్టే వేళకు తెల్లగా వచ్చి గేటు కాడ నిలబడుతుందని చెప్పుకుంటారు. చూసినోళ్ళెవరప్పా అంటే ఎవరూ ఉండరు... కానీ పొద్దు గూకినాక ఆ పక్కకు పోయేవాళ్ళూ ఉండరు.

నయాపైసలు వచ్చినాక షావుకారి ఒకాయన ఈ బస్సు వేసినాడు. స్టేషను నించి గడియారం స్తంభం, పెద్దాసుపత్రి, ఆ మిల్లు దాటుకొని చింతతోపు దాకా పోయి తిరుక్కొని వస్తుంది. ఊరి జనానికి అది అలవాటు కాలేదు. ఉన్నోళ్ళకు జట్కాలు, సైకిళ్ళు. లేనోళ్ళకు కాళ్ళు. సాయంత్రం ఆఖరి బస్సులో అయితే మా ఆయనా, కండక్టరు యేసన్నా తప్ప పురుగు ఉండదు. "ఏం సుంకన్నా, గాలిని మోసకపోతాండావా?" అని అంగళ్ళ కాడ మా ఆయన్ను చూసి నవ్వేవాళ్ళు. ఇట్లే ఖాళీగా తిరిగితే అమావాస్యకు బస్సు నిలిపేస్తానని షావుకారి చెప్పేసినాడు.

మాలో ఒక కట్టుబాటు ఉంది. చీకటి పడినాక ఎవరన్నా పిలిస్తే వెంటనే పలకగూడదు. మూడుసార్లు పిలవనీయాల. అవసరముండే మనిషి మళ్ళీ మళ్ళీ పిలుస్తాడు. దెయ్యం ఒక్కసారే పిలుస్తుంది. నా పిల్లలకు నేను నేర్పింది అదే. ఆయన ఆఖరి బస్సు తోలేదానికి పోయిన తొలిదినం ఒట్టు వేయించుకున్నదీ అదే.

ఈ ఎండాకాలంలో మొదలైంది.

తోపు నించి తిరిగి వచ్చేటప్పుడు బస్సు లైటు మిల్లు గేటు మీద పడుతుంది. ఆడ... తెల్లగా... ఎవరో. తల నించి కాళ్ళ దాకా తెలుపే. మొగం లేదు. చెయ్యి ఒకటి మెల్లగా పైకి లేస్తుంది.

"అన్నా..."

"ఒకటి" అని గొణుగుతాడు యేసన్న.

ఇద్దరూ చెవులు రిక్కించుకొని ఉంటారు. రెండోది రాదు.

"పోనీయన్నా... పోనీ."

ఈయన జోరు చేస్తాడు. వెనక ఖణేల్... ఖణేల్... అని ఏదో ఇనప చప్పుడు. కొంత దూరం బస్సు వెంట వచ్చి, ఆగిపోతుంది.

తెల్లారితే యేసన్నకు ధైర్యమొస్తుంది. "రేపు టికెట్ కొడతాలే అన్నా. మనకుండేదే ఒక పాసింజరు, దాన్నీ వదులుకుంటే ఎట్ల?" అంటాడు. చీకటి పడితే మళ్ళీ సీటు కింద.

మా ఆయన నాకు చెప్పినాడు. నేను కొళాయి కాడ చెప్పినా. నా మాట ఎవరూ ఎప్పుడూ వినరు. ఆ దినం మాత్రం అందరూ బిందెలు దించి విన్నారు. నాగలక్ష్మమ్మ అయితే "మళ్ళీ చెప్పు" అనింది. నాకు బాగనిపించింది. మళ్ళీ చెప్పినా. దాని చెయ్యి ఇంకొంచెం పొడుగు చేసి చెప్పినా.

ఆ వారంలో, ఎక్కుతా ఉన్న నలుగురు ఆడోళ్ళు కూడా బస్సు మానుకున్నారు.

మొన్న రాత్రి కూడా అట్లే గేటు దాటేసినారు. పిలుపు విన్నారు, జోరు చేసినారు. కానీ పదిబారలు పోకముందే ఇంజను బుస్సుమనింది. రేడియేటరులో నీళ్ళు ఇంకిపోయినాయి. బస్సులో పెట్టే నీళ్ళ డబ్బా చూస్తే ఎండిపోయి ఉంది. షెడ్డు బావి అడుగంటి, ఎవరూ నింపలేదు.

లైటు ఆర్పేసి కూర్చున్నారు. రేకుల దడదడ. ఆవిరి బుసబుస.

అంతలో వెనక నించి... ఖణేల్.

ఖణేల్... ఖణేల్...

దగ్గరికొస్తాంది. వెనక చక్రం కాడ. తలుపు కాడ. యేసన్న "యేసయ్యా, యేసయ్యా" అంటా సీట్ల నడుమ దూరినాడు. ఈయన పక్కన కిటికీలో తెల్లగా నిలబడింది.

"అన్నా."

ఒకటి.

ఈయన పలకలేదు. స్టీరింగు పట్టుకొని ముందరికే చూస్తా ఉన్నాడు. అది కూడా మళ్ళీ పిలవలేదు. ఊరికే నిలబడింది. ఎంతసేపని... చివరికి కిటికీ మీద ఉన్న ఈయన చేతిని ఒక చెయ్యి తాకింది.

వెచ్చగా ఉంది. వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి.

"నీళ్ళు లేవా అన్నా, బండికి?"

ఈయన తిరిగి చూసినాడు. తెల్ల దుప్పటి ముసుగులో ఒక ముసలి మొగం. ఒక చేతిలో సత్తు క్యారియరు, దాన్ని ఆనుకొని మరచెంబు. నడిస్తే రెండూ తగిలి మోగుతాయి, అంతే.

ఆమె పేరు గౌస్‌బీ. మిల్లు వెనక వంక గట్టున రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెలుంటాయి. ఆమె ఆడ ఉంటుంది. మరచెంబు మూత తిప్పి ఈయనకు అందించింది.

"ఎవరికమ్మా ఈ నీళ్ళు?"

"నా బిడ్డకు. షాజాదీకి. పెద్దాసుపత్రిలో కాన్పయింది, ఇంకా లేవలేదు. ఆడి నీళ్ళు ఉప్పగా ఉండాయని తాగదు. కూలి దిగి, వండుకోని, నడిచి పోయేసరికి గేటు మూసేస్తాండారు. అన్నం మళ్ళీ ఇంటికే తెచ్చుకుంటాండా. పొయ్యన్నా... బండి పోతే అన్నమన్నా అందుతాది."

ఈయన పోసినాడు. రేడియేటరు గుటగుటమని అంతా తాగేసింది.

బస్సు కదిలినాక యేసన్న లేచి, దుమ్ము దులుపుకొని, ఆమెకు దూరంగా నిలబడి అడిగినాడు.

"అది కాదు పెద్దమ్మా... గట్టిగా నాలుగు కేకలు వేయకూడదా? మాకు తెలిసేది కదా."

"పరాయి మొగోళ్ళను రోడ్డు మీద ఎట్ల కేకేసేదప్పా? ఒకసారి పిలుస్తాండా కదా, దినామూ." ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "వినపడల్యేదా మీకు?"

యేసన్న టికెట్ల కట్ట తిప్పుకుంటా తల దించుకున్నాడంట.

"మా గుడిసెల్లో ఇంకా శానామంది చెయ్యెత్తి చెయ్యెత్తి మానుకున్న్యారు. ఈ బస్సు మనకు కాదులే, పెద్దోళ్ళకు వేసిండేది అన్న్యారు. నేనే... బిడ్డ ఆడుందే, ఏం చేసేది."

ఆసుపత్రి గేటు మూస్తా ఉంటే ఈయన హారను కొట్టినాడు. ఆమె క్యారియరుతో లోపలికి దూరింది. మరచెంబు బస్సులోనే ఉండిపోయింది, ఖాళీగా.

ఆయన దాన్ని ఇంటికి తెచ్చి నా ముందర పెట్టినాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "బిడ్డ నీళ్ళు బస్సుకు పోసినామే" అన్నాడు. అంతే. ఒట్టు సంగతి ఎత్తలేదు. ఎత్తింటే బాగుండు. కొళాయి కాడ బిందెలు దించి విన్న మొగాలన్నీ నాకు వరసగా కనపడినాయి.

తెల్లారి లేచి, బానలో నీళ్ళు గుడ్డతో వడగట్టి ఆ మరచెంబు నింపినా. నింపి, మిల్లు కాడికి ఒక్కదాన్నే నడిచినా. గౌస్‌బీ, ఆ తెల్ల దుప్పటితోనే, గేటు నీడలో బస్సుకు కాచుకొని ఉంది. దూరంగా గంపలు పెట్టుకొని ఆ గుడిసెల ఆడోళ్ళు ఇంకొందరు, బస్సు వచ్చే తట్టు కూడా చూడకుండా.

చెంబు ఆమె చేతికిచ్చినా. దాన్ని చూసింది, నన్ను చూసింది.

"నువ్వెవరక్కా?"

"ఆ డ్రైవరు ఇంటిదాన్ని."

ఆమె జరిగి, నాకు నీడ ఇచ్చింది. తిట్టింటే నాకు కాస్త సులువయ్యేది.

బస్సు వస్తా ఉంది. గౌస్‌బీ నా తట్టు చూసింది. ఆయన పేరు నేను ఎప్పుడూ పలికింది లేదు. ఆమె పిలిచినట్టు అన్నా అని పిలిచేదానికీ లేదు. రోడ్డు మీద గొంతెత్తడం నా పుట్టుకలోనే లేదు. గంపల కాడ ఉన్న ఆడోళ్ళు కూడా ఇప్పుడు చూస్తా ఉన్నారు.

చెయ్యెత్తి, "ఓ బస్సూ" అన్నా.

ఒక్కసారే అన్నా. నిలిచింది.