భయలేఖిని

విశాఖ కొండల మీదికి మబ్బు దిగిన ఉదయాల్లో ఆకాశ బస్సులు వేగం తగ్గించి, కిటికీల పక్కనుంచి చేపల్లా ఈదుకుంటూ పోయేవి. వాటిలో నడిపే మనిషి ఉండడు. గాలిలో మనిషి చెయ్యి విమానాన్ని తిప్పకూడదని చట్టం వచ్చి ఒక తరం గడిచింది. ప్రమాదాలు పోయాయి. జనం నిద్రమత్తులో ఎక్కి, నిద్రమత్తులోనే దిగేవారు.

ఎగరడం మానుకున్న వాళ్ళకి, ఒకప్పుడు ఎగిరినవారి గుర్తుల మీద మోజు పుట్టింది. పాత వైమానిక దళంలో పైలట్లు చొక్కా ఎడమవైపు, గుండె మీద కుట్టుకున్న గుడ్డ రెక్కలు వజ్రాలకన్నా ప్రియమయ్యాయి. మోజున్నచోట నకిలీ పుడుతుంది. ఆ నకిలీని పట్టుకోవడానికే గగన సంగ్రహాలయంలో రిత్విక్ గారు భయలేఖినిని తయారు చేశారు.

దాని సూత్రం చిన్నదే. గాలిలో ఒంటరిగా, తన ప్రాణం తన చేతిలోనే ఉన్న మనిషికి పట్టే చెమట వేరు. అందులో భయపు హార్మోను, ఆనందపు హార్మోను జడలా అల్లుకుని ఉంటాయి. ఆయన దానికి గగనస్వేదం అని పేరు పెట్టారు. ప్రయాణికుడికి భయం ఉంటుంది కానీ నిర్ణయం ఉండదు, అందుకే ఆ అల్లిక పడదు. ప్రయోగశాలలో కలిపితే నిలవదు. గుడ్డలో ఇంకితే మాత్రం వందేళ్ళైనా వదలదు. భయలేఖిని లేజరు కాంతితో ఆ జాడ వెతికి, ఎగిరినదో కాదో చెబుతుంది. ఎగరని రెక్కలను నియమం ప్రకారం అక్కడే కొలిమిలో వేసేస్తారు.

ఆ ఉదయం శృంగవరపుకోట నుంచి సుభద్ర అనే అమ్మాయి వచ్చింది. తన చిన్నప్పుడు నాయనమ్మలకుండే పేరు ఈ పాతికేళ్ళ పిల్లకుండడం రిత్విక్ గారికి ముచ్చటేసింది. ముందు టీ ఇచ్చారు.

"మా ముత్తాత రెక్కలండి," అని ఆమె రుమాలు విప్పింది. "ముప్పయ్యేళ్ళు దళంలో చేసి, ముసిలోడై ఇంటికొచ్చేడు. వంటసాలలో గరిటి తిప్పినోడు ఇమానమేటి నడుపుతాడని ఊరంతా నవ్వీవోరట. ఆ నవ్వు మా యమ్మ దాకా వచ్చింది. ఇప్పుడు మా యమ్మ మంచం దిగట్లేదండి. మా ఇంట్లో ఒకలు ఎగిరేరని ఈ యంత్రం నోట ఒక్క మాట ఇనాలని ఆశ. కాదంటే మాత్రం నాను ఇంటికెళ్ళి ఏటి చెప్పాలో నాకు తెలీదు."

ఆయన ముదురు నీలం గుడ్డను పళ్ళెంలో పెట్టారు. సన్నని వెలుగు బంగారు దారాల వెంట పాకింది.

"ధరించినవారు ఎగిరారు," అంది భయలేఖిని నెమ్మదిగా. "ఒంటరిగా. మొదటిసారి భయం చాలా ఎక్కువ. తరువాత భయం తగ్గింది. ఆనందం తగ్గలేదు."

సుభద్ర కళ్ళు మూసుకుంది. రిత్విక్ గారు అలవాటుగా గుడ్డను తిరగేశారు. చొక్కా పాతబడితే పైలట్లు రెక్కలు విప్పి కొత్త చొక్కాకు కుట్టుకునేవారు. అందుకే పాత రెక్కల అంచున సూది రంధ్రాలు వరుస మీద వరుసగా ఉంటాయి. దీనికి ఒకే వరుస ఉంది. ఒకే వరుస కనిపించినప్పుడల్లా, రెండో చొక్కా తొడగకముందే రాలిపోయిన కుర్రవాడివని ఆయన మనసులో దండం పెట్టుకునేవారు. ఇప్పుడూ పెట్టబోయి ఆగారు. ముప్పయ్యేళ్ళు కొలువు చేసి ముసలివాడైన మనిషికి ఒకే చొక్కానా?

"అమ్మా, నీ వేలు ఒకసారి ఈ పళ్ళెంలో పెట్టు."

ఆమె ఒకసారి తలుపువైపు చూసింది. అయినా పెట్టింది.

"గుడ్డలో ఉన్నదీ ఈ వేలిదీ ఒకే మనిషి చెమట," అంది యంత్రం.

ఆయన ఆమె గ్లాసులో మరికాస్త టీ పోశారు. అది చాలింది ఆమెకు నోరు తెరవడానికి.

"కుట్టడం ఏటి పనండి! మీ యంత్రాన్ని నమ్మించడమే కష్టం. ఆ చెమట బజార్లో దొరకదు కదా. పాత గ్లైడరు బాగుచేసి, రెక్కలు జాకెట్టుకి కుట్టుకుని అనంతగిరి కొండమీంచి దూకేను."

"ఒక్కసారి సరిపోయేది కదమ్మా?"

"ఒక్కసారే సరిపోయిందండి." ఆమెకు సిగ్గుతో నవ్వొచ్చింది. "మిగతావన్నీ ఊరికినే."

"ఇలా నువ్వొక్కదానివేనా?"

"అయ్యో, నానేపాటండీ! మంచి గాలున్న పొద్దున వంతు రావాలంటే ఎండెక్కిపోద్ది. అందరూ మీ యంత్రం కోసం వచ్చినోళ్ళే. పనైపోయినా ఎవులూ దిగట్లేదు."

రిత్విక్ గారు సంగ్రహాలయం గోడవైపు చూశారు. ఈ మధ్య తాను అసలని వేలాడదీసిన ఒంటివరుస రెక్కలన్నీ అక్కడున్నాయి. తాను దండం పెట్టిన కుర్రవాళ్ళెవరూ చనిపోలేదు. కొండమీద తమ వంతు కోసం నిలబడి, ముందున్నవాళ్ళని తొందరపెడుతున్నారు. అబద్ధాన్ని పట్టడానికి చేసిన యంత్రం అబద్ధికులందరినీ ఆకాశంలోకి పంపింది. ఆయన చాలాకాలానికి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.

"కొలిమిలో వేసీండి," అంది సుభద్ర తలదించుకుని.

"మీ అమ్మగారు వినాలనుకున్న మాట ఏమిటి?"

"మా ఇంట్లో ఒకలు ఎగిరేరని."

"ఎగిరారు కదమ్మా."

ఆయన భయలేఖినిని, దాని గొంతులోనే తీర్పు వినిపించే స్వరపత్రం సిద్ధం చేయమన్నారు. "ఎగిరినవారి పేరు?" అని అడిగింది యంత్రం.

"నీ ముత్తాత పేరు నేను చెప్పలేను. నీ పేరు చెబితే చట్టం నీ వెంట పడొచ్చు," అన్నారాయన. "ఏం చేద్దాం?"

మబ్బులోంచి ఒక ఖాళీ బస్సు దాటిపోయేదాకా సుభద్ర ఆలోచించింది.

"నాదే చెప్పండి. మా యమ్మ ముందు తిడతాది. తిట్టేక నవ్వుతాది."

ఆమె మెట్లదాకా వెళ్ళాక ఆయన వెనకనుంచి పిలిచారు. "అమ్మా, ఆ కొండమీది వరుసలో నా వయసువాళ్ళు నిలబడొచ్చా?"

"మీకన్నా పెద్దోళ్ళున్నారండి," అంది సుభద్ర. "అయితే ఎవులి రెక్కలు ఆళ్ళే కుట్టుకోవాల."