మనిషి నిలబడే చోటు

“సాయంత్రం నాలుగింటికి మా తమ్ముడు జడ్జిగారి ముందు నేరం ఒప్పుకుంటాడు సార్. ఒప్పుకోమని చెప్పింది నేనే. శిక్షయినా తగ్గుతుందని.”

బట్టలు కుట్టుకుని బతికే ఆ అక్క, డిటెక్టివ్ ముందు ఒక ఫోటో పెట్టింది. ఫోటో స్టూడియో యజమాని అన్న మేడమీంచి పడి చనిపోయాడు. ఆ వేళకి, స్టూడియోలో పనిచేసే ఆమె తమ్ముడు అదే మేడమీద నడుముపై చెయ్యి వేసుకుని నిలబడ్డట్టు ఫోటోలో ఉంది. అతనికి రెండు పక్కలా ఛాతీ ఎత్తు ఇనుప కటకటాలు. దూరంగా గడియార స్తంభంలో పదకొండుంపావు. ఎదురింటి కిటికీలోంచి తానే తీశానని యజమాని పోలీసులకిచ్చాడు.

“జ్వరంతో ఇంట్లోనే ఉన్నానంటాడు. మందులకని నేను అరగంట బయటికెళ్లాను. ఆ అరగంటే నన్ను తినేస్తోంది.”

ఫోటో చూసిచూసి, ఆరోజు జ్వరంతో కాలిపోతున్న తమ్ముడి నుదురు ఆమె చేతికి గుర్తు రావడం మానేసింది.

డిటెక్టివ్ భూతద్దం సహాయకుడికిచ్చాడు. “మోచేతికీ నడుముకీ మధ్య ఏముందోయ్?”

“ఏమీ లేదు సార్. ఉత్త బూడిదరంగు.”

మూడింటికల్లా ఇన్‌స్పెక్టరుతో సహా అందరూ స్టూడియోలో ఉన్నారు. ఫోటోలకి వెనక కట్టే తెరలమీద బొమ్మలు వేసే ముసలాయన వైపు డిటెక్టివ్ తిరిగాడు.

“తెరమీద మనిషి నిలబడే చోట ఏం వేస్తారు పెద్దాయనా?”

“అక్కడెందుకండీ రంగు దండగ? ఎలాగూ మనిషి కప్పేస్తాడు. నడిమధ్య ఖాళీగా వదిలేస్తాను.”

“ఈమధ్య మేడ బొమ్మ వేశారా?”

ముసలాయన యజమాని వంక చూసి తల దించుకున్నాడు. “సినిమావాళ్లకన్నారు. గడియారంలో పదకొండుంపావే ఉండాలన్నారు. వాళ్లన్న పోవడానికి వారం ముందు. లైటు చూడ్డానికని కుర్రాణ్ణి గంటసేపు నిలబెట్టారు. ఫోటో తీస్తున్నట్టు వాడికి చెప్పలేదు.”

“నడుం నొప్పెట్టి చెయ్యి వేసుకున్నాడు,” అన్నాడు డిటెక్టివ్. “ఆ చేతి సందులో వెనకున్న కటకటాలు కనబడాలి. కనబడింది మీరు రంగు వెయ్యని గుడ్డ. వారం ముందే తెరమీద రాసిన టైముకి అన్నని తోసింది, ఆ టైము చెప్పి రాయించినవాడే.”

యజమాని స్టూలుమీద కూలబడ్డాడు. “మా అన్న స్టూడియో మూసేద్దామన్నాడు,” అన్నాడు చివరికి. “నాకింకేం చేతకాదు.”

నాలుగింటికి పదినిమిషాలుండగా అక్క కోర్టు వరండాలోకి పరుగెత్తింది. తమ్ముడు ఇద్దరు పోలీసుల మధ్య కూర్చుని ఉన్నాడు.

“నువ్వేం ఒప్పుకోవద్దురా. ఫోటో అబద్ధమని తేలింది.”

వాడు తలెత్తి ఆమెను చూశాడు.

“నేను చెప్పినప్పుడు తేలలేదా అక్కా?” అన్నాడు, మామూలుగానే.