ఆరో నెంబరు ఆర్డరు

ధనశ్రీ గొడుగు మూయకుండానే లోపలికి వచ్చేసింది. ఆ గొడుగు నీళ్ళు సగం సుమంత్ కీబోర్డు మీద కారాయి. అతను అయ్యో అనేలోపే ఆమె మొదలుపెట్టింది.

“గురువులు మావయ్య ఈ వారం పన్నెండు దిమ్మల బెల్లం, నాలుగు బస్తాల చింతపండు తెప్పిస్తన్నారు. అవునా, కాదా?”

కీబోర్డు తుడుస్తున్న సుమంత్ చెయ్యి ఆగిపోయింది. “మీకెవరు చెప్పేరు?”

“మీ సైటే చెప్పింది.”

అది రెండువేల ఆరు, శ్రావణమాసం. ఒరిస్సాలోని రాయగడ స్టేషన్ రోడ్డులో, సౌమ్యరంజన్ నెట్ సెంటర్ మేడ మీద గదిలో కూర్చుని సుమంత్ ఆరు నెలలు కష్టపడి ఒక సైటు తయారుచేశాడు. ఊళ్ళో తొమ్మిది హోల్‌సేల్ కిరాణా కొట్లకీ విజయనగరం నుంచి వారానికోసారి ఒకే లారీలో సరుకు వస్తుంది. ఎవరికేం కావాలో ఆ సైటులో రాస్తే చాలు. పండక్కి ముందు ఎవరు ఏ సరుకు దింపుతున్నారో పక్క కొట్టుకి తెలిస్తే కొంపలంటుకుంటాయి కాబట్టి, సుమంత్ తొమ్మిది మందికీ మాటిచ్చాడు. “మీ ఆర్డరు మీరు తప్ప ఇంకో మనిషి చూడడు. ఆఖరికి నేనైనా సరే.”

ఆ తొమ్మిదింట్లో ఆరో కొట్టు ఆదిశేషు గారిది. ధనశ్రీ ఆయన ఒక్కగానొక్క కూతురు. బీయెస్సీ అయ్యాక కొట్లో కంప్యూటర్ పని అంతా ఆమే చూస్తోంది.

“మా ఆర్డరు తెరిస్తే పైన అడ్రసులో చివర ఆరు అని ఉంది,” అంది ధనశ్రీ, తడి చున్నీ పిండుకుంటూ. “ఆరు తీసి ఏడు కొట్టేను. గురువులు మావయ్య కొట్టు మొత్తం నా ముందర పరుచుకుంది.”

“అలా ఎవరు మారుస్తారండీ?”

“నేను మార్చేను కదండీ.”

“మీరంటే... మీకు వేరే పని లేదు.”

“లేదు. అందుకే రోజూ వచ్చి మీ సైటుకి వంకలు పెడతన్నాను. శుక్రవారం అసోసియేషన్ మీటింగు. ఈలోపు సరిచేస్తారా, మా నాన్నతో చెప్పమంటారా?”

సుమంత్‌కి ఒళ్ళు మండింది. ఆమె అన్నది నిజం కావడంతో ఇంకా మండింది. సైటు తలుపుకి తాళాలు భేషుగ్గా పెట్టాడు, లోపలికి వచ్చినవాడు ఏ గదిలోకి వెళ్తున్నాడో మాత్రం చూసుకోలేదు. శుక్రవారం తొమ్మిది మందీ సరే అంటేనే ఈ పని నిలుస్తుంది. లేకపోతే పెట్టె సర్దుకుని విశాఖలో ఏదో ఉద్యోగం చూసుకోవాలి. విశాఖలో ఉద్యోగాలకి కొదవ లేదు. గొడుగు మూయకుండా వచ్చి తగాదా పెట్టుకునే ధనశ్రీ మాత్రం అక్కడ ఉండదు. బెంగంతా అదే.

బుధవారం మధ్యాహ్నానికి ఏదో అతుకు వేశాడు. పనిచేస్తోందో లేదో చూడాలి కదా. తన పరీక్ష ఖాతాలోంచి అడ్రసు చివర ఒక నెంబరు కొట్టాడు. ఆరు కొట్టాడు.

అతుకు పనిచెయ్యలేదు. ఆరో కొట్టు ఆర్డరు ఎంచక్కా తెరుచుకుంది.

పసుపు కొమ్ములు అయిదు కిలోలు. కుంకుమ. వక్కలు. ఎండు ఖర్జూరం. అడుగున ఒక ముక్క: ఆదివారం తాంబూలాలకి, మేలురకం పంపవలెను.

ఆ బజారులో పుట్టి పెరిగినవాడికి వేరే చెప్పక్కర్లేదు. పసుపుతో మొదలయ్యే చీటీ పెళ్ళి చీటీ. ఆదిశేషు గారింట్లో పెళ్ళికి ఎదిగిన పిల్ల ఒక్కతే.

సుమంత్ కంప్యూటర్ కట్టేశాడు. కింద సౌమ్యరంజన్ టీ ఇస్తే ఉప్పగా ఉందన్నాడు. “అరే బోకా, అందులో ఉప్పెవడేస్తాడు?” అన్నాడు సౌమ్యరంజన్. ఒరియాలో మొద్దు అని ముద్దుగా అనడం అది. సుమంత్‌కి మాత్రం ఆ మాట సరిగ్గా తగిలింది. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా ఆ అమ్మాయితో మనసులో మాట చెప్పలేదు మరి.

మర్నాడు పొద్దున్నే ధనశ్రీ వచ్చింది. ఈసారి గొడుగు గుమ్మం బయటే పెట్టింది.

“అయిందా?”

“అవుతుందండీ. మీరెందుకు శ్రమపడి రావడం? పనులుంటాయి.”

“ఏం పనులు?”

“ఆదివారం తాంబూలాలు కదా. శుభం.”

ధనశ్రీ కుర్చీ లాక్కుని తాపీగా కూర్చుంది. “ఎవరు చెప్పేరు?”

“ఊళ్ళో అనుకుంటున్నారు.”

“ఊళ్ళో ఎలా అనుకుంటారు? మా నాన్నకే తెలీదు.”

సుమంత్ తెల్లబోయాడు.

“ఆ లిస్టు నేనే కల్పించేను,” అంది ఆమె. “ఒకటి, మీ సైటుకున్న కన్నం పూడిందో లేదో తెలియాలి. రెండు, మీరు మాట మీద నిలబడే మనిషో కాదో తెలియాలి. రెండూ తెలిసేయి.”

“టెస్టింగండీ! ఏదో ఒక నెంబరు కొట్టాలి కదా!”

“తొమ్మిది కొట్లున్నాయి. ఆరే ఎందుకు కొట్టేరు?”

బయట వాన రేకుల మీద దరువేస్తోంది. సుమంత్ మౌస్ వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, ఇక చూడ్డానికేం మిగల్లేదు.

“మిగతా ఎనిమిది కొట్లలో నాకిష్టమైన వాళ్ళెవరూ లేరు,” అన్నాడు.

ఇంతసేపూ తడబడని ధనశ్రీ ఈ మాటకి తడబడింది. చున్నీ అంచు వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది.

“రేపు మీటింగులో చెప్పండి.”

“ఇష్టమనా?”

“కన్నం ఉండేదని! మీరు చూసేరని. మాటిచ్చేరు కదా అందరికీ.”

“ఈ రోజుతో పూడ్చేస్తాను. చెప్తే ఎవరూ ఒప్పుకోరు. ఆరు నెలల పని పోతుంది.”

“చెప్పకపోతే నేనూ ఎవరికీ చెప్పను. కాకపోతే మళ్ళీ ఈ మెట్లెక్కను,” అని ఆమె గొడుగు తీసుకుని దిగిపోయింది.

ఆ సాయంత్రానికి కన్నం నిజంగానే పూడింది. ఇప్పుడు ఏ నెంబరు కొట్టినా, ఆ కొట్టు మనిషే అడుగుతున్నాడా అని చూసుకున్నాకే సైటు తలుపు తీస్తుంది. ఆ సంతోషం మాత్రం సుమంత్‌కి దక్కలేదు.

శుక్రవారం అసోసియేషన్ హాల్లో తొమ్మిది కొట్ల వాళ్ళూ కూర్చున్నారు. ధనశ్రీ తండ్రి వెనక కూర్చుంది. సుమంత్ లేచి, నీళ్ళు నమలకుండా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కన్నం ఉండేది, నిన్న పూడ్చాను, ఈలోపు ఒక ఆర్డరు నా కళ్ళతో చూశాను, మాట తప్పాను.

గురువులు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “అయితే నా బెల్లం సంగతి ఊరంతా...”

“ఆగు గురువులూ,” అన్నారు ఆదిశేషు. “ఎవులి ఆర్డరు సూసేవు, బాబూ?”

“మీదేనండీ.”

“ఏటి సూసేవు?”

“...పసుపు.”

హాలంతా ఆదిశేషు వైపు తిరిగింది. “ఏటి ఆదిశేషూ! అమ్మాయికి సంబంధం కుదిరిందేటి? మాకు మాటైనా సెప్పలేదు!”

“నాకూ సెప్పలేదయ్యా!” అన్నారు ఆదిశేషు. “పొద్దున్న లారీలోంచి అయిదు కిలోల పసుపు దిగితే పొరపాటున దింపేరనుకున్నాను. మా ఇంటిది పుణ్యవతి దాన్ని దేవుడి గదిలో పెట్టీసింది.” ఆయన వెనక్కి తిరిగారు. “అమ్మీ?”

“నేనే రాసేను నాన్నా. సైటు పరీక్ష కోసం.”

“సైటు సంగతి నేనడిగేనా? పెళ్ళికొడుకెవుడు?”

ధనశ్రీ తల దించుకుంది. సుమంత్ ఒక అడుగు ముందుకి వేశాడు. “మీరొప్పుకుంటే నేనండీ.”

గురువులు మెల్లగా కూర్చున్నారు. బెల్లం సంగతి ఆయనే మర్చిపోయారు.

ఆదిశేషు సుమంత్‌ని ఎగాదిగా చూశారు. “నువ్వు మునిసిపాలిటీ భీమారావు కొడుకువి కదా? నలభయ్యేళ్ళుగా యాపారం సేస్తన్నాను. తన సరుకులో పురుగుందని తనే నిలబడి సెప్పినోణ్ణి ఇప్పుడే సూసేను. సైటుకి నేను సరే అంటన్నాను. మీ నాన్నని సాయంత్రం ఇంటికి రమ్మను. ఇంట్లోకొచ్చిన పెళ్ళి పసుపుని మేం తిప్పి పంపం.”

చప్పట్ల మధ్య ఆయన మళ్ళీ కూతురి వైపు వంగారు. గొంతు బాగా తగ్గింది.

“పరీక్ష కోసమే రాసేవు కదా అమ్మీ. మరి లారీ బయల్దేరే ముందు ఆ ఆర్డరు కేన్సిల్ సెయ్యడం మర్చిపోయేవా?”

“లేదు నాన్నా,” అంది ధనశ్రీ, సుమంత్ వైపు చూస్తూ. “గుర్తుంది.”