గడియారంలో కదలని ముల్లు

మేడ మీద వాచీలాయన గదిలో ఇంకో మనిషి ఉన్నాడని కింది వాటా ఆవిడ ఇస్త్రీ అతనితో చెప్పిందట. అద్దెకు దిగింది ఒక్కడే, కంచమూ ఒక్కటే. కానీ సాయంత్రమైతే "ఒరేయ్ తమ్ముడూ" అని మాటలు వినబడతాయట. ఆ తమ్ముడు మాత్రం పలకడట.

ఆవిడ మాటల్లో అబద్ధం లేదు. వాచీల కొట్టు వేషం. అతను సీక్రెట్ ఏజెంట్. మాట్లాడేది ఫోన్‌లోని ఒక స్టిల్‌తో. రైల్వే ప్లాట్‌ఫామ్ మీద, విదేశీ ముఠాకు సరుకు చేరవేసే కొరియర్ చేతిలో చెయ్యి పెట్టిన కుర్రాడు. వాచీలాయన పార్ట్‌నర్. వీడియోలో 'తీసుకో' అన్న మాట దగ్గర ఆపి తీసిన స్టిల్ అది. పొట్లం అందుకున్నాడు, ద్రోహి అని తేల్చారు. ఆర్డర్ వచ్చింది. వాచీలాయనే కాల్చాడు. అప్పట్నుంచి ఏ అద్దంలో చూసుకున్నా వెనకాల ఎవరో నిలబడ్డట్టే ఉంటుంది.

ఈసారి స్టిల్‌లో ఉన్నది ఆ కుర్రాడి అక్క. పేరున్న గాయని, ముఠాలో చేరి వాచీలాయన పనిచేసే ఆఫీసుకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. తమ్ముణ్ణి ముఠాయే చంపిందని ఆమెకు చెప్పి ఉంచారు. ఇప్పుడు గ్రీన్‌రూమ్ వీడియోలో అదే కొరియర్, అదే 'తీసుకో'. ఆమె చెయ్యి అతని చేతిలో.

ఆమె కచేరీ స్టేజీ కింద బాంబుందని, కొరియర్ ఇచ్చిన రిమోట్ ఆమె దగ్గరే ఉందని, హాలు ఖాళీ చేయిస్తే వెంటనే నొక్కేస్తుందని చీఫ్ చెప్పాడు. ఆయన్ని ఆఫీసులో అందరూ పెద్దాయన అంటారు.

"ఆఖరి పాట అయ్యేలోగా ఆవిడ పని చూడు."

"వీడియో ఇంకోసారి చూద్దామండీ."

"తమ్ముడి విషయంలోనూ ఇదే అన్నావు."

లైట్ల క్యాబిన్‌లో వాచీలాయన ట్రైపాడ్ కాలు విప్పి రైఫిల్ బిగించాడు. కింద పట్టుచీరలో ఆమె పాడుతోంది, పక్కన వయొలిన్ వాయించేవాడు. ట్రిగ్గర్ మీదికి వెళ్లాల్సిన వేలు ఫోన్ మీదికి వెళ్లింది.

యాప్‌లో గ్రీన్‌రూమ్ వీడియో తెరిచి స్లయిడర్ కాస్త జరిపాడు. కింద అంకెలు మారాయి. బొమ్మలో గోడ గడియారం ముల్లు కదల్లేదు. ఇంకాస్త జరిపాడు. కదల్లేదు. ఆ తర్వాత ఒక్కసారిగా గెంతింది.

వేషమే అయినా రోజూ వాచీలు విప్పీ బిగించీ ముల్లు చూడటం అలవాటైంది. అడుగుతున్న క్షణం ఒకటి, యాప్ ఇస్తున్న బొమ్మ అంతకు ముందుది. వీడియోలో పూర్తి ఫ్రేములు అక్కడక్కడే ఉంటాయి. మధ్యవాటిని ఒక్కొక్కటిగా కట్టుకుంటూ రావాలి, ఆలస్యం. అందుకని యాప్ దగ్గర్లో దొరికినదాన్ని చేతిలో పెట్టి ఊరుకుంటోంది.

సెట్టింగ్స్ తెరిచాడు. అందులో రెండు పద్ధతులు: వేగం, కచ్చితం. పెద్దాయన టీ చల్లారేలోగా స్టిల్ బల్ల మీద ఉండాలన్నది ఆఫీసు ఆచారం. అందరి ఫోన్లూ వేగం మీదే.

కచ్చితం నొక్కాడు. తెర మీద చక్రం తిరుగుతోంది. పాట చివరి చరణానికొచ్చింది.

"నిద్రపోయావా?" ఇయర్‌పీస్‌లో పెద్దాయన.

'తీసుకో' దగ్గరి అసలు ఫ్రేమ్ వచ్చింది. కరచాలనం అయిపోయింది. ఆమె అద్దంవైపు తిరిగి ఉంది. రిమోట్ వయొలిన్‌వాడి అరచేతిలో ఉంది.

కింద పాట ఆగింది. చప్పట్లు. వయొలిన్‌వాడు విల్లు పక్కన పెట్టి చొక్కా చేతిలోకి వేళ్లు దూర్చాడు. గురి ఆమె మీంచి అతని మణికట్టుకు జరిగింది. తూటా తగిలి రిమోట్ స్టేజీ మీద దొర్లింది, మీట నొక్కుకోలేదు.

క్యాబిన్‌లో వాచీలాయన పాత వీడియో తెరిచాడు. కచ్చితం. చక్రం చాలాసేపు తిరిగింది. 'తీసుకో' దగ్గర పొట్లం అందుకున్నది వెనకనున్న కూలీ. కుర్రాడి చెయ్యి చెవి దగ్గరుంది. మైకు నొక్కిపట్టి పిలుస్తున్నాడు. వాచీలాయననే.

గ్రీన్‌రూమ్‌లో ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

"కాల్చింది నేనేనమ్మా."

ఆమె రెండు స్టిల్స్‌నీ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఇయర్‌పీస్‌లో పెద్దాయన, యాప్ పొరపాటని రిపోర్టు రాసేద్దాం, నిజమూ అదేగా అన్నాడు.

"పొరపాటేముందండీ?" అన్నాడు వాచీలాయన. " తొందరగా కావాలన్నారు, తొందరగా ఇచ్చింది. చంపమని అదేం చెప్పలేదు."