తాళం గదిలో మూడు ఊసరవెల్లులు

మూడు ఊసరవెల్లులు చచ్చిపడి ఉన్నాయి.

మూడూ వేర్వేరు జాలీ పెట్టెల్లో. ఒకటి తోకను కొమ్మకు చుట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. నాలుగో పెట్టెలోది మాత్రం బతికే ఉంది. ఒక కన్ను తలుపు వైపు, రెండో కన్ను ఎస్సై నిహారిక వైపు తిప్పింది.

జడ్చర్ల. సోమవారం ఉదయం తొమ్మిదిన్నర.

"విదేశీ జాతి మేడం. పర్మిషన్ కాగితాలున్నయి," అన్నాడు ఇంటి యజమాని కొడుకు ఖైసర్. ఫార్మా కంపెనీలో ఉద్యోగం. కళ్లు ఏడ్చి ఎర్రబడ్డాయి. "దొంగను పట్టుకున్న. స్టోర్ రూంల పెట్టి తాళమేసిన."

"ఎవరిని?"

"బీరమ్మను. మా ఇంట్ల పని చేస్తది. గీ గదికి రెండే తాళంచెవులు. ఒకటి నా దగ్గర, ఒకటి ఆమె దగ్గర. ఇంకెవరు చంపుతరు?"

"ఎప్పటి నుంచి లోపల ఉంది?"

"ఆరున్నర నుంచి."

నిహారిక ముఖం బిగుసుకుంది. "ముందు తాళం తీయండి."

స్టోర్ రూంకి కిటికీ లేదు. బియ్యం బస్తాల మధ్య బీరమ్మ ముడుచుకుని కూర్చుంది. యాభై ఏళ్లుంటాయి. చీర చెమటతో ఒంటికి అతుక్కుంది. ఫోన్ కూడా ఖైసరే తీసుకున్నాడు.

వెలుతురు కళ్లలో పడగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను చంపలే బిడ్డా. జీపెక్కిస్తవా? జీపెక్కినంక గీ గల్లీల నన్నెవలు ఇంట్లకు రానిస్తరు? నాలుగిండ్ల పని జేసి బతుకుతున్న."

గేటు అవతల గుసగుసలు వినిపిస్తున్నాయి. గల్లీ అంతా అక్కడే ఉంది. ఖైసర్ తండ్రి మెహమూద్ లోపలి వైపు నుంచి గేటు గడియ మీద చెయ్యి వేసి, ఎటూ తోచక నిలబడ్డాడు.

"రుజువేంటి?" నిహారిక అడిగింది.

"బొద్దింకల స్ప్రే మేడం. ఆమె బకెట్లనే దొరికింది. నిన్న పగలు గది తుడిచింది. గీ దయ్యపు కండ్లు ఎప్పుడు మూతపడ్తయో అని పోయిన వారమే అన్నది."

"అన్నావా అమ్మా?"

"అన్న. ఎందుకబద్ధం? ఊడుస్తుంటె ఒక కన్ను నా మీద, ఒక కన్ను చీపురు మీద. నువ్వైతే తిట్టవా?"

కానిస్టేబుల్ డానియల్ నవ్వు దాచుకోవడానికి గోడ వైపు తిరిగాడు.

నిహారిక మళ్లీ ఊసరవెల్లులున్న పైగదికి వెళ్లింది. ఖైసర్ వెంట నడిచాడు. కిటికీలు మూసి ఉన్నాయి. ట్యూబ్‌లైటు వెనక బల్లి ఒకటి చురుగ్గా పరుగెత్తింది.

"స్ప్రే కొడితే ఈ బల్లి ఎట్లా బతికింది? నాలుగూ ఒకే గాలి పీల్చాయి. నాలుగో పెట్టెలోది ఒక్కటే ఎందుకు బతికింది?"

ఖైసర్ తలెత్తి బల్లిని వెతికాడు.

బతికిన ఊసరవెల్లి పెట్టెలో గిన్నె నిండా మిడతలు. మిగతా మూడు గిన్నెలూ ఖాళీ.

"ఇది తినలేదా?"

"కడుపుతో ఉంది మేడం. గుడ్లు పెట్టే ముందు తిండి ముట్టది. మిగతా మూడింటికి నిన్న పొద్దున నేనే తినిపించిన. నా చేత్తోటి."

నిహారిక పెన్ను కొనతో ఒక మిడతను కదిలించింది. అది ఎగరలేదు. వెల్లకిలా పడి, కాళ్లు వణికించింది.

"ఇవి ఎక్కడివి?"

"ఎప్పుడు హైదరాబాద్ నుంచి పెంచిన పురుగులే బస్ పార్సిల్ల వస్తయి. గీసారి రాలే. నిన్న చేన్లకు పోయి నేనే పట్టుకొచ్చిన. డబ్బాల పెరిగిన పురుగుకంటె చేన్ల తిరిగిన పురుగు బలం గద మేడం."

"ఏ చేను?"

"బైపాస్ దాటినంక పత్తిచేను. ఐలేశం అని, నాన్నకు ఎరికైనాయనది."

"వలతో పట్టారా?"

"వలెందుకు? ఉత్త చేతుల్తోనే. ఒక్కటి పారిపోలే. అరగంటల డబ్బా నిండింది." ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

నిహారికది రామన్నపేట దగ్గర పల్లె. డిగ్రీ చదువుకునే రోజుల్లో కూడా సెలవులకు పత్తి ఏరింది. ఉత్త చేతికి ఇంత తేలిగ్గా దొరికే మిడతలు ఆమె ఎన్నడూ చూడలేదు.

"గట్టు మీద ఏమైనా కనిపించిందా?"

"వేపమండలు గుచ్చి ఉండె. మీ పూజ అనుకున్న మేడం. తొక్కొద్దని చెప్పులిడిసి, పక్క నుంచి పోయిన."

ఆమె కిందికి దిగింది. తర్వాత అందరినీ హాల్లోకి పిలిచి, మెహమూద్ ఫోన్ నుంచే ఐలేశానికి కాల్ చేసి స్పీకర్ ఆన్ చేసింది.

"పురుగుల మందా? శనివారం పొద్దుగూకంగ కొట్టిన మేడం. గట్టుకు మండలు గూడ గుచ్చిన, జీవాలను తోలకుండ్రని. ఎవలి గొర్లు పడ్డయి?"

"గొర్లు కాదులే," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

నిహారిక ఖైసర్‌ను చూసి చెప్పింది.

"ఆ మండలు పూజవి కావు. మందు కొట్టిన చేనని గొర్ల కాపరులకు చెప్పే గుర్తు. పురుగుల మందు మీద పడ్డ మిడత ఎగరలేదు. అందుకే మీ చేతికి అంత తేలిగ్గా దొరికింది. తిన్న మూడూ పోయాయి. తిననిది మిగిలింది. శాంపిల్స్ ల్యాబుకు పంపుతాను. రిపోర్టు వచ్చేదాకా ఆ నాలుగోదాని గిన్నె తీసేయండి."

ఖైసర్ తన అరచేతులు చూసుకున్నాడు. "నోట్ల పెట్టి తినిపించిన మేడం. మారాం చేస్తె బుజ్జగించి మరీ..."

నిహారికకు జాలి కలిగింది. అయినా బీరమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, నిన్ను మూడు గంటలు గదిలో బంధించాడు. అది నేరం. ఫిర్యాదు ఇస్తే కేసు రాస్తా."

"కేసు రాస్తె నా మీద వడ్డ పేరు పోతదా?" బీరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "పొద్దున గేటు కాడ నిలవడి, గల్లీ అంత ఇనంగ హంతకురాలని ఒర్రిండు. మల్ల గక్కడనే నిలవడి నేను చంపలేదని ఒర్రమను. కేసు సంగతి అటెంక చెప్త."

"బీరమ్మా, మాఫ్ చెయ్యి. ఇక్కడ నీ కాళ్లు పట్టుకుంట," అన్నాడు ఖైసర్.

"గిక్కడ ఎవలున్నరు సాబ్?"

ఖైసర్ తండ్రి వైపు చూశాడు. మెహమూద్ కొడుకు కళ్లలోకి చూడకుండా వెళ్లి గడియ లాగాడు.

గేటు తెరుచుకుంది. గుసగుసలు ఆగిపోయాయి. పారిపోవడానికి దారి లేదు. ఖైసర్ గడప దాటాడు. పెదవులు కదిలాయి కానీ, ముందు వరుసలో ఉన్నవాళ్లకే వినిపించలేదు.

"జర గట్టిగ సాబ్," వెనక నుంచి బీరమ్మ అంది. "చివరింటోళ్లకు గూడ ఇనవడాలె."