వెనక సీటు గుండె

"హైమావతి గారి గుండె లయలో తేడా కనిపిస్తోంది. ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవండి."

చోడవరంలో ఇంటి ముందు బండి ఆపి, ఛార్జర్ తగిలించగానే వినిపించిన మాట ఇది. వీధంతా విన్నది. బండి గొంతు అంత ఖంగుమని ఉంటుంది మరి. బండి నడిపిన హైమ భర్త గిరి గబుక్కున ఆమె వైపు తిరిగాడు. అత్తగారు సుభద్రమ్మ "ఓలమ్మో, నా చిన్నకోడలికే!" అని అరుగు మీద కూలబడింది. హైమ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆమె తండ్రి నలభై నిండకుండానే గుండెపోటుతో పోయాడు. తనకీ అదే రాసిపెట్టి ఉందని చిన్నప్పట్నుంచీ ఆమెకి బెంగ. ఆ బెంగ ఇవాళ పేరుతో సహా పిలిచినట్టయింది.

తోటికోడలు ఇందుమతి గబగబా వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. "ఊరుకోవే. ఇనప ముక్క ఏదో వాగితే నువ్వు బెంబేలెత్తిపోతావేంటి? పద, లోపలికి పద" అంది. ఆ అనడంలో కాస్త ఆయాసపడింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ బండి పేరు సప్తాశ్వ. ఏడుగురు కూర్చునే ఎలక్ట్రిక్ బండి. విశాఖలోని ఒక కొత్త కంపెనీ దాన్ని బజారులోకి వదిలే ముందు, ఉమ్మడి కుటుంబం ఒకటి దొరికితే కొన్నాళ్లు వాడించి చూద్దామనుకుంది. ఇప్పుడు ఉమ్మడి కుటుంబం దొరకడమంటే మాటలా! వెతగ్గా వెతగ్గా వీళ్లు దొరికారు. గిరికీ, అతని అన్నగారికీ కలిపి పాడేరులో కాఫీ గింజల గోడౌను ఉంది. ఆదివారమొస్తే ఇంటిల్లిపాదీ ఘాట్ రోడ్డెక్కి అక్కడికి వెళ్లాల్సిందే. కంపెనీవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

బండిని తయారుచేసిన డాక్టర్ ప్రభంజన్ మొదటిరోజు వచ్చి అందరికీ వివరంగా చెప్పాడు. "సీటు గుడ్డ కింద సెన్సర్లున్నాయండీ. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒళ్లు మనకి తెలియనంతగా అదురుతుంది. సీటు ఆ అదురు వింటుంది. వారాల తరబడి విని, మీ గుండె మామూలు తీరేంటో నేర్చుకుంటుంది. ఆ తీరు మారితే, ఛార్జింగు పెట్టినప్పుడు చెబుతుంది. అంతే. కెమెరా లేదు, ముఖాలు చూడదు. ఏ సీటు ఎవరిదో ముందే పేరు రాసేస్తాం. అందుకని ఎవరి సీట్లో వాళ్లే కూర్చోవాలి."

"అదెంత పని బాబూ" అన్నది సుభద్రమ్మ. మోకాళ్ల నొప్పులు గనక ఆమె ముందు సీట్లో, గిరి పక్కన. మధ్య వరసలో ఇందుమతి భర్త, అంటే హైమకి బావగారు, నడుమ హైమ కొడుకు చింటూ, కిటికీ వైపు ఇందుమతి. ఆఖరి వరసలో హైమ, ఇందుమతి కూతురు లహరి. ఏడుకి ఏడూ నిండాయి.

అయితే ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆఖరి వరసలో కూర్చోవడమంటే తమాషా కాదు. మొదటి ఆదివారమే హైమకి కడుపులో తిప్పేసింది. సుభద్రమ్మ కునుకు తీయగానే ఇందుమతి వెనక్కి తిరిగి, "ఇటు రా, నాకు అలవాటే" అని గుసగుసగా అంది. చీర కుచ్చిళ్లు పట్టుకుని ఇద్దరూ సీట్లు మారారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే. తిరిగొచ్చేటప్పుడు మాడుగుల దాటాక టీ కోసం ఆగేవాళ్లు కదా, అక్కడ మళ్లీ ఎవరి చోట వాళ్లు. సుభద్రమ్మకి తెలిస్తే ఊరుకుంటుందా? తమ్ముడి భార్య బావగారి వరసలో కూర్చోవడం ఆ ఇంట్లో ఇప్పటికీ లేదు. మోటార్లు మారాయి గాని ఆవిడ మారలేదు. బావగారూ అంతే. హైమ వచ్చి కూర్చున్న క్షణం నుంచీ ముఖం కిటికీ వైపు తిప్పేసుకుని, ఆమెను చూడనట్టే ఉండేవారు. చూడనిదాని గురించి మాట్లాడటం మర్యాద కాదు.

అందుకని బండి నేర్చుకున్న హైమ గుండె హైమది కాదు. ఇందుమతిది.

పాపం, బండి చెప్పిన నాటినుంచీ హైమను మంచం దిగనివ్వలేదు ఇందుమతి. వంటా తనే, బట్టలూ తనే, పిల్లల్ని బడికి తయారుచేయడం తనే. రాగి జావ కాచి తెచ్చి, "తాగు, తాగు, నీకేమైనా అయితే నాతో పోట్లాడేదెవరు?" అని వేళాకోళమాడేది. మేడ మీదికి నీళ్ల బిందె మోసుకెళ్తూ, మెట్ల మధ్య ఓసారి కూర్చుండిపోయింది. "వయసైపోతోందే" అని తనే నవ్వేసింది.

విశాఖలో హైమకి అన్ని పరీక్షలూ చేశారు. ఒంటికి మిషను కట్టి ఓ రోజంతా గుండెను చూశారు. "మీ గుండెకి ఏ జబ్బూ లేదమ్మా, నిక్షేపంగా ఉంది" అన్నాడు డాక్టరు. హైమ ఆయన ఎదుటే భోరున ఏడ్చేసింది. చిన్నప్పటి బెంగ ఆ రోజుతో వదిలింది.

మర్నాడు డాక్టర్ ప్రభంజన్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు. బండి గురించి వాళ్ల అభిప్రాయాలన్నీ అడిగాడు. ఆఖరి వరసకి ఏసీ అందడం లేదన్నాడు గిరి. ఏడుగురూ కూర్చుంటే సామాను పెట్టే చోటే లేదన్నారు బావగారు. మెట్టు ఎత్తుగా ఉందన్నది సుభద్రమ్మ. అన్నిటికీ తలాడించి ఆయన మెల్లగా అడిగాడు, "ఇదొక్కటి చెప్పండి. అందరూ ఎవరి సీట్లో వాళ్లే కూర్చున్నారు కదా?"

"మరి! చెప్పినట్టే కూర్చున్నాం" అన్నది సుభద్రమ్మ.

బావగారు కిటికీలోంచి బయటికి చూశారు. ఇందుమతి కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. హైమ నోరు తెరిచింది, అత్తగారి ముఖం చూసి మూసేసింది.

"అయితే మా మిషనే తప్పు చెప్పింది" అన్నాడాయన.

హైమ వంటింట్లోకి పరుగెత్తింది. "అక్కా, అది తప్పు కాదు. ఆ సీట్లో కూర్చున్నది నువ్వు. చెప్పేద్దాం."

ఇందుమతి కొళాయి తిప్పింది. తర్వాత గ్లాసు కడుగుతూ, "చెబితే నీ పని పట్టదూ అత్తయ్య? నెమ్మదిగా. ఆదివారంతో బండి ఇచ్చేస్తాం. సోమవారం ఇద్దరం గుడికని చెప్పి ఆసుపత్రికి పోదాం" అంది.

"ఒట్టు?"

"ఒట్టే తల్లీ. నీ కంగారు దొంగల్దోల."

శుక్రవారం పొద్దున మేడ మీద బట్టలారేస్తూ ఇందుమతి పడిపోయింది. హైమ వెళ్లేసరికి తడి దుప్పటి చేతిలోనే ఉంది. ఎంత పిలిచినా పలకలేదు. బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. మధ్య వరసలో, ఆమె పేరున్న సీట్లో, హైమ ఒళ్లో తల పెట్టి పడుకోబెట్టారు. ఆ సీటు ఆమె గుండె కోసం విన్నది గాని, వినడానికి ఏమీ లేదు.

పరామర్శకి వచ్చిన డాక్టర్ ప్రభంజన్ కాళ్ల ముందు హైమ కూలబడిపోయింది. అందరి ఎదుటా, అత్తగారి ఎదుటా జరిగిందంతా చెప్పేసింది. సుభద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. 

"మీ మిషను నిజమే చెప్పింది బాబూ. మేమే దాన్ని మోసం చేశాం" అంది హైమ. "ఇంకే ఇంట్లోనూ ఇలా జరక్కూడదు. సీటు మారితే బండి కదలకుండా చెయ్యండి. మీకు దణ్ణం పెడతాను, అలా చెయ్యండి."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అలాగే చేశాడు. ఏ సీట్లో ఎవరి గుండె ఉందో గుర్తుపట్టి, ఎక్కినవాళ్లు ఎవరి సీట్లో వాళ్లు కూర్చుంటేనే బయల్దేరేలా, దారిలో మారితే పక్కకి జరిగి ఆగిపోయేలా మార్చాడు. సప్తాశ్వ బజారులోకి వచ్చింది. ఎందరి గుండెలనో ముందే కనిపెట్టింది. కంపెనీ మొట్టమొదటి బండిని వాళ్ల ఇంటికే ఇచ్చింది.

సీట్లకి పేర్లు మళ్లీ రాసేటప్పుడు సుభద్రమ్మే, "హైమా, నువ్వు మధ్య వరసలో కూర్చోమ్మా" అంది. లహరి మాత్రం వెనక సీటే కావాలని పట్టుబట్టింది. అది అమ్మ కూర్చున్న చోటని దానికి తెలుసు.

ఆ ఆదివారం మలుపుల్లో పిల్లకి కడుపులో తిప్పింది. ముఖం పాలిపోయింది. "పిన్నీ" అంది. హైమ చటుక్కున బెల్టు తీసి, లేచి వెనక్కి వంగింది. "రామ్మా, నా సీట్లోకి రా. నేనక్కడ కూర్చుంటా."

బండి నెమ్మదిగా పక్కకి జరిగి ఆగిపోయింది.

"హైమావతి గారూ, దయచేసి మీ సీట్లో కూర్చోండి. మీ అందరి క్షేమం కోసమే."

గిరి ఏవేవో నొక్కాడు. ఏదీ పనిచేయలేదు. వెనక బస్సు హారన్ కొడుతోంది. హైమ సీటు మీదుగా వంగి ఆ పిల్లను వాటేసుకుంది. "కదలవే, కాస్త కదలవే, చిన్నపిల్లే" అని బండినే బతిమాలుకుంది. అది మళ్లీ అదే మాట చెప్పింది.

ఇన్నేళ్లలో ఆమెతో ఎన్నడూ నేరుగా మాట్లాడని బావగారు కిటికీ వైపు నుంచి ఇటు తిరిగారు. "కూర్చో అమ్మా. ఇంకేం చేస్తాం" అన్నారు.

లహరి తనే ఆమె చేతులు విడిపించుకుని, వాంతికి కవరు తీసుకుని, వెనక సీట్లో ముడుచుకుంది. హైమ కూర్చుంది. బండి కదిలింది.