టౌరంగా ఒప్పర్‌హోఫ్ట్

న్యూజిలాండ్‌లోని లోవర్ హట్ నుంచి రాజధాని వెల్లింగ్టన్ చేరిన ఉదయం ట్రైన్‌లో ఏజెంట్ విజయకుమార్ కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. అందరూ దిగినా లేవలేదు. సైలెన్సర్ పిస్టల్ కోటుకు చేసిన రంధ్రం చిన్నదే. అతని బూటులో నాలుగు మాటల చీటీ దొరికింది. "టౌరంగా. ఒప్పర్‌హోఫ్ట్. తారాబాయిని చంపుతాడు."

"ఒప్పర్‌హోఫ్ట్ అంటే?" అడిగాడు ఏజెంట్ భార్గవ్. విజయకుమార్ అతని ప్రాణ స్నేహితుడు. ఏడవడానికి టైమ్ లేదని అతనికి కోపంగా ఉంది.

"ఈ గూఢచారి రింగ్ పదవులన్నీ పాత డచ్ ఈస్టిండియా కంపెనీవి," అంది ఛీఫ్ రమామణి. "గవర్నర్‌కి కోట, సైన్యం ఉంటాయి. మన కోరమాండల్ తీరానికి ఉండేవాడు. బెంగాల్‌కీ, సూరత్‌కీ డైరెక్టర్. అతని పని వ్యాపారం. ఒప్పర్‌హోఫ్ట్ పరాయి రాజు గడ్డ మీద ఒక గిడ్డంగికి పెద్ద. సైనికులుండరు."

"అంటే హత్య సొంత చేతుల్తో చేసుకోవాలి."

"అవును. తారాబాయి టౌరంగా రేవు ఊళ్లో కివీఫ్రూట్ ప్యాక్‌హౌస్ సూపర్‌వైజర్. పళ్ల పెట్టెల్లో నేవీ సోనార్ డ్రాయింగులు చూసింది. రేపు రెండింటికి జడ్జి ముందు సాక్ష్యం. ఆవిడ లేకపోతే కేసు లేదు. చీటీ చూడగానే అమృతని కాపలాకి పంపాను."

అమృత డబుల్ ఏజెంట్. రింగ్‌లో రమామణి పెట్టిన మనిషి. సిల్క్ స్కార్ఫ్, ఖరీదైన సెంటు, ఎవరినైనా నమ్మించే నవ్వు.

మర్నాడు పదింటికి భార్గవ్ పళ్ల ఇన్‌స్పెక్టర్ వేషంలో ప్యాక్‌హౌస్‌లో అడుగుపెట్టి, గిడ్డంగి పెద్ద ఇతనే అనుకుని దాని ఓనర్‌కి పిస్టల్ గురిపెట్టాడు. అతను ప్యాక్ చేసిన సూట్‌కేస్ పక్కన తాపీగా కూర్చుని ఉన్నాడు.

"లేటయ్యావు. నా టర్మ్ పొద్దున్నే అయిపోయింది."

భార్గవ్ అతనికి బేడీలు వేసి ఫోన్ తీశాడు. "మేడమ్, ఒప్పర్‌హోఫ్ట్ పదవి ఎన్నాళ్లు?"

"నాగసాకి డచ్ గిడ్డంగిలో ఆ పెద్దని జపాన్ వాళ్లు ఏడాదికి మించి ఉండనిచ్చేవాళ్లు కాదు. కొత్తవాడు ముందే ఓడ దిగి ఛార్జ్ తీసుకుంటే, పాతవాడు ఓడెక్కేవాడు."

ఈ వారం టౌరంగాలో దిగింది ఎవరు? భార్గవ్ వెంటనే అమృత నంబరు నొక్కాడు. ఆమె ఫోన్ ఎత్తలేదు. అతను కారు వైపు పరుగెత్తాడు.

తారాబాయి ఫ్లాట్‌లో అమృత తన చేత్తో చేసిన టీ ఒక్క కప్పు తెచ్చి పెట్టింది.

"నీకేది బిడ్డా?"

"నేను తాగేశాను ఆంటీ."

"గట్లెట్ల? హైదరాబాద్‌ల ఒక్కరం తాగుతమా? వన్ బై టూ చేద్దాం." తారాబాయి ఇంకో కప్పు తెచ్చి, సగం వంచి అమృత ముందు పెట్టింది. "నువ్వు మొదలువెట్టు."

"ఎసిడిటీ ఆంటీ."

"ఒక్క గుటకకేం గాదు. నువ్వు తాగకుంటే నేను ముట్ట."

ఆ మొండితనం పది నిమిషాలు సాగింది. చివరికి, "సరే పో, చల్లారిపోతున్నది" అంటూ తారాబాయి కప్పు ఎత్తింది. అంచు పెదవికి తగిలేలోపు తలుపు బద్దలైంది. భార్గవ్ దూకి కప్పును కొట్టాడు. టీ గోడంతా చిందింది.

"విజయ్‌ని కూడా నువ్వేనా?" అన్నాడు పిస్టల్ తీస్తూ.

"నన్ను చూసి పక్కకు జరిగి సీటిచ్చాడు," అంది అమృత. తన వంతు సగం టీ ఎత్తి గడగడా తాగేసింది. నిమిషం గడవలేదు. కుర్చీలోంచి కిందికి జారింది.

తారాబాయి అమృత కళ్లు మూసింది. ఆ పని తన చేతులతో చేయలేనని భార్గవ్‌కి తెలుసు.

ఫోన్ మోగింది. "కొత్త ఒప్పర్‌హోఫ్ట్ దొరికాడా?" అడిగింది రమామణి.

"దొరికింది మేడమ్. పోస్టు మళ్లీ ఖాళీ అయింది. వాళ్లు భర్తీ చేసేలోపు జడ్జిగారిని కాస్త ముందే కూర్చోమనండి."